టర్బోకు ముందు చిల్లు

సుబారు ఇంప్రెజా డబ్ల్యు.ఆర్.ఎక్స్ కారును చలికాలం పొద్దున్నే స్టార్ట్ చేస్తే గుడగుడమంటూ ఒక బొంగురు శబ్దం వస్తుంది. ఆ శబ్దం మీద మోజుతోనే ఆ కారు కొన్నవాళ్లున్నారు. ఒకరోజు ఆ గుడగుడ అడుగున టక్ టక్ టక్‌మని సన్నటి చప్పుడు మొదలవుతుంది. నాలుగైదు నిమిషాలు నడిపేసరికి పోతుంది. పోయింది కదా అని యజమాని మరిచిపోతాడు. కొన్ని వారాలకు పికప్ తగ్గినట్టు అనిపిస్తుంది, మైలేజీ పడిపోతుంది, డాష్‌బోర్డు మీద ఇంజిన్ దీపం వెలుగుతుంది. ఒక గ్యారేజీలో ఆక్సిజన్ సెన్సర్ మారుస్తారు. ఇంకోచోట ప్లగ్గులు మారుస్తారు. డబ్బు పోతుంది, జబ్బు పోదు. ఎందుకంటే అది ఎగ్జాస్ట్ గొట్టంలో, టర్బోకు ముందు, గోరంత సందులో ఉంది.

గోరంత సందు ఇంత కొండంత తంటా ఎలా తెస్తుందో తెలియాలంటే ఆ గొట్టం పుట్టుపూర్వోత్తరాలు చూడాలి. వందేళ్లకు పైగా ఇంజనీర్లు దాని నెత్తిన ఒక్కో పనే పెడుతూ వచ్చారు. పని పెరిగినకొద్దీ దానికి పడే చిల్లు ఖరీదూ పెరిగింది.

మొదట్లో దానికి ఒకటే పని, పొగను మనిషికి దూరంగా పంపడం. 1897లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, కొలంబస్ పట్టణంలో మిల్టన్ రీవ్స్, మార్షల్ రీవ్స్ అనే అన్నదమ్ములు ఇంజిన్ చప్పుడును అణిచే సాధనానికి పేటెంట్ తీసుకున్నారు. దాంతో గొట్టానికి సైలెన్సర్ తోడైంది. ఆ కాలంలో చిల్లు పడితే చెవులకూ ముక్కుకూ ఇబ్బందే తప్ప బండి మాత్రం ఎప్పటిలాగే నడిచేది.

కథ మలుపు తిరిగింది 1905లో. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి ఒక నష్టాన్ని గమనించాడు. ఇంజిన్‌లో మండే ఇంధనపు శక్తిలో దాదాపు మూడోవంతు వేడిగా, ఒత్తిడిగా ఎగ్జాస్ట్ దారినే బయటికి పోతోంది. పోయే ఆ వాయువుతో టర్బైన్ అనే ఒక చక్రం తిప్పి, ఆ చక్రపు ఇరుసుకే ఇంకో చక్రం తగిలించి, దానితో బయటి గాలిని కుక్కి ఇంజిన్‌లోకి పంపితే? ఎక్కువ గాలి, ఎక్కువ ఇంధనం, అదే ఇంజిన్‌లోంచి ఎక్కువ బలం. ఇదే టర్బోచార్జర్. పేటెంట్ ఆ ఏడాదే వచ్చినా అంత వేడిని తట్టుకునే లోహాలు లేక పని నత్తనడక నడిచింది. 1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ అనే ఇంజనీరు లిబర్టీ విమాన ఇంజిన్‌కు టర్బో బిగించి, దాన్ని లారీ మీద కొలరాడోలోని పైక్స్ పీక్ శిఖరానికి తీసుకుపోయాడు. సుమారు 4,300 మీటర్ల ఎత్తున, గాలి పలచబడ్డ చోట, టర్బో లేని ఇంజిన్ నీరసించిపోతే టర్బో ఉన్నది బలం నిలబెట్టుకుంది. 1926లో బ్యూకి పద్ధతితో రెండు జర్మన్ నౌకలు నీళ్లలోకి దిగాయి. వాటి డీజిల్ ఇంజిన్ల శక్తి 1,750 నుంచి 2,500 హార్స్‌పవర్‌కు పెరిగింది.

అంతకు ముందటి ఏడాది బ్యూకి ఇంకో మెలకువ పట్టాడు. మన చిల్లు కథకు అసలు కీలకం ఇక్కడే ఉందని నా నమ్మకం. ఎగ్జాస్ట్ వాయువు కొళాయి నీళ్లలా ఒకే ధారగా రాదు. వాల్వు తెరిచినప్పుడల్లా ఒక్కో దెబ్బగా వస్తుంది. గొట్టాలు పొట్టిగా, సన్నగా ఉంచి ఆ దెబ్బను చెదరనీయకుండా టర్బైన్ దాకా చేరిస్తే చక్రం ఇంకా బాగా తిరుగుతుంది. అంటే టర్బైన్‌కు కావాల్సింది వాయువు ఒక్కటే కాదు, దాని తోపు కూడా. దారిలో సందుంటే ముందుగా నీరుగారిపోయేది ఆ తోపే.

ఈ దెబ్బకు వెనక భాగం కూడా ఒకటుంది. ప్లాట్‌ఫాం మీద ఆగకుండా దూసుకుపోయే ఎక్స్‌ప్రెస్ రైలు వెనక చెత్తకాగితాలు లేచి పరుగెత్తడం అందరూ చూసిందే. గొట్టంలో ఒత్తిడి దెబ్బ దాటిపోయాక వెనక అలాగే ఒక లోటు మిగులుతుంది. ఆ క్షణంలో గొట్టం లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికన్నా తగ్గిపోవచ్చు. రేసు ఇంజిన్లు కట్టేవాళ్లు గొట్టాల పొడవులు లెక్కకట్టి పెట్టుకునేది ఈ లోటును వాడుకోవడానికే. సిలిండర్లో మిగిలిన పొగను అది బయటికి లాగేస్తుంది. చిల్లున్న గొట్టంలో మాత్రం ఆ లోటు బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. చిల్లులోంచి పొగ బయటికి రావడమే అందరికీ తెలుసు. గాలి లోపలికి పోతుందన్న సంగతి చాలామందికి తట్టదు. సగం తప్పుడు మరమ్మతులు అక్కడే మొదలవుతాయి.

1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవ్రొలే కోర్వేర్ మాన్జా స్పైడర్ టర్బోతో మామూలు జనానికి అమ్మకానికొచ్చాయి. 1973లో బీఎండబ్ల్యూ 2002 టర్బో, ఆ మరుసటి ఏడు పారిస్ ప్రదర్శనలో పోర్షె 911 టర్బో కనిపించాయి. ఈ లోగా కార్ల పొగ నగరాల్ని ముంచెత్తింది. 1975 మోడళ్ల నుంచి అమెరికా కార్లకు కేటలిటిక్ కన్వర్టర్ వచ్చింది. పొగను పంపడం, చప్పుడు అణచడం, టర్బైన్ తిప్పడం తర్వాత గొట్టానికి శుభ్రం చేసే పని కూడా పడింది.

ఆ తర్వాత వచ్చిపడిన పని అన్నిటికన్నా సున్నితమైనది. 1976లో బాష్ కంపెనీ చేసిన లాంబ్డా సెన్సర్‌ను వోల్వో తన కార్లలో పెట్టింది. ప్లాటినం పూత పూసిన జిర్కోనియా పింగాణీ ముక్క అది. ఒక పక్క ఎగ్జాస్ట్ వాయువు, మరో పక్క బయటి గాలి. రెండు వైపులా ఆక్సిజన్‌లో ఉన్న తేడాను బట్టి చిన్న వోల్టేజీ పుడుతుంది. ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ దాదాపు లేకపోతే 0.9 వోల్టుల దాకా వస్తుంది. ఆక్సిజన్ మిగిలితే 0.1 వోల్టుకు పడిపోతుంది. పెట్రోలు ఒక పాలుకు గాలి 14.7 పాళ్లు ఉండే మధ్యగీత దగ్గర 0.45. ఇప్పటి పెర్ఫార్మెన్స్ కార్లలో ఉండే వైడ్‌బ్యాండ్ సెన్సర్ ఇంకా తెలివైనదే కానీ దానికీ పునాది ఈ సూత్రమే. ఇంజిన్ కంప్యూటర్ దాని మాట విని, పెట్రోలు చిమ్మే ఇన్‌జెక్టర్‌ను క్షణక్షణం సరిదిద్దుతూ ఉంటుంది. దీంతో ఎగ్జాస్ట్ గొట్టం సాక్షి చెప్పే చోటైంది.

ఆ సాక్షి పక్కన చిల్లు పడితే ఏమవుతుంది? బయటి గాలి లోపలికొస్తుంది, ఆ గాలిలో 21 శాతం ఆక్సిజన్. సెన్సర్ ఆక్సిజన్ చూసింది, చూసినదే చెప్పింది. కంప్యూటర్ ఇంజిన్‌కు పెట్రోలు చాలడం లేదనుకుని ఇంకా పోస్తుంది. నిజానికి సిలిండర్లో పెట్రోలు ఎక్కువైపోయి ఉంటుంది. మైలేజీ పడిపోతుంది, ప్లగ్గులు నల్లబడతాయి, కన్వర్టర్ అతిగా వేడెక్కుతుంది. సెన్సర్ చెడిపోయిందని మార్చిపారేస్తాం. కొత్త సెన్సర్ కూడా అదే చెబుతుంది, ఎందుకంటే పాతది అబద్ధమాడలేదు.

డబ్ల్యు.ఆర్.ఎక్స్‌నే ఉదాహరణగా తీసుకోవడానికి కారణముంది. 1992లో మొదలైన ఈ కారు ర్యాలీల్లోంచి పేరు తెచ్చుకుంది. 1995లో కాలిన్ మెక్‌రే ప్రపంచ ర్యాలీ ఛాంపియన్ అయింది ఇంప్రెజా మీదే. దాని ఇంజిన్‌లో నాలుగు సిలిండర్లు రెండేసి చొప్పున కుడి ఎడమలకు పడుకుని ఉంటాయి. ఎగ్జాస్ట్ పోర్టులు రెండు పక్కలా కిందికి, నేలకేసి చూస్తుంటాయి. టర్బో మాత్రం ఇంజిన్ వెనక కుడిపక్క ఎత్తుమీద ఉంటుంది. కాబట్టి ఎడమ పక్క పొగ ఇంజిన్ కిందుగా కుడికి దాటాలి. రెండూ కలిసి అప్‌పైప్ అనే గొట్టంలోంచి పైకెక్కి టర్బోను చేరాలి. ఎడమ దారి పొడవు, కుడి దారి పొట్టి. పైగా మంట వచ్చే వరుస కుడి, కుడి, ఎడమ, ఎడమ. దెబ్బలు సమానమైన ఎడంతో రాక జంటలు జంటలుగా కలిసిపోతాయి. అభిమానులు చెవికోసుకునే గుడగుడకు మూలం ఇదే.

అందం ఉన్న చోటే బలహీనతా ఉంది. టర్బోకు ముందు ఇన్ని అతుకులున్న కారు ఇంకొకటి వెతకాలి. రెండు హెడ్‌ల దగ్గర ప్యాకింగులు, దాటే గొట్టం దగ్గర ఒకటి, అప్‌పైప్ అడుగున ఒకటి, టర్బో దగ్గర ఇంకొకటి. పోర్టులు కిందికి ఉండటంతో స్టడ్డులకు రోడ్డు నీళ్లూ బురదా నేరుగా తగులుతాయి. చికాగో, డెట్రాయిట్ పక్క మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అక్కడ కాపురముంటున్న మన తెలుగువాళ్లకు ఆ ఉప్పు కారు అడుగును ఎలా తినేస్తుందో బాగా తెలుసు. స్టడ్డుల తుప్పుకు అది ఆజ్యం.

తుప్పుకు తోడు వేడి. టర్బో పెట్రోలు ఇంజిన్ గట్టిగా లాగుతున్నప్పుడు పొగ వేడి 900 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుంది. ముప్పై సెంటీమీటర్ల స్టెయిన్‌లెస్ గొట్టం 600 డిగ్రీలు వేడెక్కితే సుమారు 3 మిల్లీమీటర్లు సాగుతుంది. సాగుతుంది, ముడుచుకుంటుంది, మళ్లీ సాగుతుంది, ఏళ్ల తరబడి. రెండు చివర్లూ బిగించి ఉన్న గొట్టం ఆ మూడు మిల్లీమీటర్లను ఎక్కడో ఒకచోట చూపించాలి. ప్యాకింగు నలుగుతుంది, ఫ్లాంజి వంకరపోతుంది, స్టడ్డు తెగుతుంది, లేదా వెల్డింగు పక్కన వెంట్రుకవాసి పగులు వస్తుంది. పొద్దున వినిపించిన టక్కు ఐదు నిమిషాల్లో మాయమవడానికీ ఇదే కారణం. వేడికి లోహం ఉబ్బి సందు మూసుకుంటుంది. రోగం తాత్కాలికంగా దాక్కుంటుంది, అంతే.

కనుక్కోవడం దగ్గరికొస్తే మొదటి చిక్కు ఆ టక్కే. ఇంజిన్ ఐడిల్‌లో నిమిషానికి 800 చుట్లు తిరుగుతోందనుకుందాం. ఒక్కో సిలిండర్ రెండు చుట్లకోసారి పొగ వదులుతుంది, అంటే నిమిషానికి 400 సార్లు, సెకనుకు ఆరేడు. ఒక పోర్టు దగ్గర సందుంటే టక్కు కూడా అంతే వేగంతో వస్తుంది. కానీ వాల్వు చప్పుడు కూడా రెండు చుట్లకోసారే. ఇన్‌జెక్టర్ చప్పుడూ అంతే. కాబట్టి వేగాన్ని బట్టి దొంగను పట్టలేం. పట్టించేవి రెండు, వేడి, బరువు. ఎగ్జాస్ట్ లీకు చల్లగా ఉన్నప్పుడు గట్టిగా, వేడెక్కాక మెల్లగా వినిపిస్తుంది. యాక్సిలరేటర్ తొక్కి ఇంజిన్ మీద బరువు వేస్తే పెరుగుతుంది. వాల్వు చప్పుడు బరువును అంతగా పట్టించుకోదు.

దాన్ని ఇంకా బిగించి పట్టాలంటే, ఇంజిన్ నడుస్తుండగా ఒక్కో సిలిండర్ ఇన్‌జెక్టర్ కనెక్టర్‌ను కాసేపు తీసి చూడాలి. మంట ఆగిన సిలిండర్ దగ్గరే సందుంటే టక్కు చప్పున మెత్తబడుతుంది. కాయిల్ కనెక్టర్ మాత్రం తీయకూడదు. నిప్పు లేకుండా పెట్రోలు మాత్రం పడితే అది కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది, ఖరీదైన కన్వర్టర్ కరిగిపోతుంది. తర్వాత మూరెడు రబ్బరు గొట్టం తీసుకుని ఒక కొస చెవి దగ్గర, ఇంకో కొస అతుకుల వెంట నెమ్మదిగా నడిపించాలి. చేయి పెట్టి చూస్తామనేవాళ్లు ఉంటారు. ఆ వేడికి చర్మం అంటుకుపోతుంది, దయచేసి వద్దు.

కారు రాత్రంతా చల్లారాక ఇంకో పరీక్ష. హీట్ షీల్డులు విప్పితే అతుకు పక్కన నల్లటి మసి చార ఒకటి కనబడుతుంది. ఎంత పాత లీకైతే చార అంత చిక్కన. అది కనిపించకపోతే వాక్యూం క్లీనర్‌ను గాలి ఊదే వైపు పెట్టి సైలెన్సర్ గొట్టంలోకి ఊదించి, అతుకుల మీద సబ్బునీళ్లు చల్లాలి. బుడగలు లేచిన చోటే జబ్బు. పెద్ద గ్యారేజీల్లో పొగ యంత్రం ఉంటుంది. నూనె ఆవిరిని చాలా తక్కువ ఒత్తిడితో లోపలికి పంపి, టార్చిలైటు వేసి, పొగ ఎక్కడ పైకి లేస్తుందో చూస్తారు. కనబడని పగులు కూడా దీనికి దొరుకుతుంది.

కంప్యూటర్ లెక్కలు కూడా సాక్ష్యమే, కానీ ఒంటరిగా చాలవు. స్కానర్ పెట్టి ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ పెట్రోలును ఎంత పెంచుతోందో తగ్గిస్తోందో చెప్పే అంకె చూస్తే ఐడిల్‌లో పెట్రోలు ఎక్కువ కలుపుతున్నట్టు, ఇంజిన్ వేగం పెరిగాక మామూలుకు వచ్చినట్టు కనబడుతుంది. ఇన్‌టేక్ వైపు గాలి లీకైనా లెక్క ఇలాగే ఉంటుంది. తేడా ప్లగ్గు చెబుతుంది. ఇన్‌టేక్ లీకును కంప్యూటర్ సరిదిద్దాక ప్లగ్గు రంగు మామూలుగా ఉంటుంది. ఎగ్జాస్ట్ లీకు ఉంటే కంప్యూటర్ అనవసరంగా పోసిన పెట్రోలు ప్లగ్గు మీద మసిగా కూర్చుంటుంది. స్కానర్ తెరను నమ్మి ప్లగ్గు విప్పని మెకానిక్‌కు ఈ కారును అప్పగించకూడదని నేననుకుంటాను.

ఇక బూస్ట్, అంటే టర్బో కుక్కి పంపే గాలి ఒత్తిడి. టర్బో గట్టిగా పనిచేస్తున్నప్పుడు టర్బైన్ ముందు ఒత్తిడి తరచూ బూస్ట్ మీటరు చూపేదానికన్నా ఎక్కువే. చిన్న సందులోంచి కూడా బుస్సుమని పోతుంది. కంప్యూటర్ ఆ లోటు పూడ్చడానికి, పొగను టర్బైన్ పక్కనుంచి దాటించే తలుపైన వేస్ట్‌గేట్‌ను ఇంకాసేపు మూసి ఉంచుతుంది. అందుకే చివరికి బూస్ట్ అందుతుంది కానీ ఆలస్యంగా అందుతుంది. టర్బో దాటాక చిల్లు పడితే ఈ బాధ ఉండదు, వాసనా చప్పుడే.

ఆ వాసనను తేలిగ్గా తీసుకోవద్దు. ఈ కారులో టర్బో బానెట్ కిందే, అద్దానికి దగ్గరగా ఉంటుంది. క్యాబిన్‌లోకి గాలి పీల్చే దారీ అద్దం అడుగునే ఉంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు లీకైన పొగ తిన్నగా లోపలికొస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. కారెక్కితే తలనొప్పి, దిగితే తగ్గుదల అనిపిస్తే లీకు దొరికేదాకా ఆ కారు ఎక్కకపోవడమే మేలు. మూసిన షెడ్డులో దాన్ని స్టార్ట్ చేయనే కూడదు.

మరమ్మతులో కష్టమంతా తెగిన స్టడ్డు దగ్గరే. హెడ్ అల్యూమినియం, స్టడ్డు ఉక్కు, మధ్యలో ఏళ్ల తుప్పు. ముందురోజే తుప్పు వదిలించే నూనె కొట్టి నాననివ్వాలి. మర్నాడు స్టడ్డు చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని వేడిచేయాలి. అల్యూమినియం ఉక్కుకన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది కనుక రంధ్రం కాస్త పెద్దదవుతుంది. అప్పుడు పానాతో కొంచెం విప్పి, కొంచెం బిగించి, మళ్లీ కొంచెం విప్పి, ఓపిగ్గా బయటికి రప్పించాలి. హెడ్ మట్టానికి తెగిపోయి ఉంటే పట్టుకోవడానికేమీ ఉండదు. అనుభవమున్న మెకానిక్ దాని మీద ఒక నట్టు ఆనించి, నట్టు రంధ్రంలోంచి వెల్డింగు చుక్క పెడతాడు. ఉక్కు ఉక్కును పట్టుకుంటుంది, అల్యూమినియానికి ఆ వెల్డింగు అంటదు. వెల్డింగు వేడికే తుప్పు పట్టు సడలుతుంది. ఎర్రదనం పోయి నట్టు కొంచెం చల్లబడే దాకా ఆగి, మెల్లగా తిప్పితే చాలాసార్లు కిర్రుమని కదులుతుంది. ఈ కారులో ఇదంతా వెల్లకిలా పడుకుని, మొహం మీదికి తుప్పు రాలుతుండగా చేయాలి. అదీ కుదరకపోతే డ్రిల్లు. డ్రిల్లు వెంట్రుకవాసి పక్కకు పోయినా హెడ్ మర చెడుతుంది, అప్పుడు కొత్త మర తొడుగు వేయించక తప్పదు. తొందర ఉన్నవాళ్లు చేసే పని కాదిది.

స్టడ్డు వచ్చేసింది కదా అని కొత్త ప్యాకింగు వేసి బిగిస్తే నెల తిరక్కుండానే మళ్లీ టక్కు. పోర్టుల పొగను పోగుచేసే గొట్టాల గుత్తి, అదే మేనిఫోల్డ్, దాని ముఖం మీద నిటారు పట్టీ ఆనించి, కింద ఫీలర్ గేజి దూరుస్తూ వంకర ఉందేమో చూడాలి. ఉంటే లేత్ షాపులో చదును చేయించాలి. పాత ప్యాకింగు మళ్లీ వాడకూడదు. పొరలు పొరలుగా ఉండే ఉక్కు ప్యాకింగు మీద సన్నటి ఉబ్బు గీతలుంటాయి, అవే స్ప్రింగుల్లా పనిచేసి సందును మూస్తాయి. ఒకసారి నలిగితే ఆ స్ప్రింగు చచ్చిపోతుంది. అన్ని నట్లూ చేత్తో పెట్టాక, మధ్యవి ముందు, చివరివి తర్వాత, టార్క్ రెంచ్‌తో రెండు మూడు విడతల్లో కంపెనీ చెప్పిన బిగువుకు తేవాలి. డబ్బాల్లో అమ్మే ఎగ్జాస్ట్ పేస్టు టర్బోకు ముందు పనికిరాదు. వేడికి పెళుసెక్కి రాలితే ఆ ముక్క వెళ్లి పడేది నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే టర్బైన్ రెక్కల మీద. అప్‌పైప్‌లో ముడతల గొట్టం చిరిగితే వెల్డింగు నిలవదు, గొట్టమే మార్చాలి. రెండు మూడుసార్లు బాగా వేడెక్కి చల్లారాక బిగువు మరోసారి చూసి, స్కానర్లో ఫ్యూయల్ ట్రిమ్ సున్నా చుట్టూ తిరుగుతోందని తేలితేనే పని అయినట్టు.

హెడ్‌కూ మేనిఫోల్డ్‌కూ మధ్య ఉండే ఈ అతుకుతో ఇంజనీర్లు వేగిపోయి దాన్నే తీసేసే దారి పట్టారు. ఆ తేడాను మన దేశంలోనే ఒకే పేరున్న రెండు కార్లలో చూడొచ్చు. 2004లో ఇక్కడ అమ్మకానికొచ్చిన స్కోడా ఆక్టేవియా ఆర్.ఎస్‌లో 1.8 లీటర్ల టర్బో ఇంజిన్‌కు పోత ఇనుప మేనిఫోల్డ్ విడిగా ఉండి, హెడ్‌కు స్టడ్డులతో బిగించి ఉండేది. 2017లో వచ్చిన ఆక్టేవియా ఆర్.ఎస్ 230లో 2 లీటర్ల ఇంజిన్‌కు మేనిఫోల్డ్ హెడ్‌లోనే కలిపి పోత పోశారు. దాని చుట్టూ కూలెంట్ ప్రవహిస్తుంది. పొగ వేడి తగ్గుతుంది, అందువల్ల గట్టిగా తొక్కినప్పుడు ఇంజిన్‌ను చల్లబరచడానికి అదనంగా పోసే పెట్రోలూ తగ్గుతుంది. సిలిండర్‌కు ఒకటి చొప్పున ఉండే పోర్టు అతుకులు పోయాయి. హెడ్‌కూ టర్బోకూ మధ్య ఒక ప్యాకింగు, దాన్ని పట్టుకునే కొన్ని స్టడ్డులు మిగిలాయి. ఆ కారులో చలిపొద్దున టక్కు వినిపిస్తే ముందుగా టార్చిలైటు వేయాల్సింది అక్కడే.